అరవై నాలుగో పేజీ

గడియార స్తంభం దగ్గర జిరాక్సు అంగడి మీద ఒక మేడగది ఉంది. 2002 డిసెంబరులో ఒక ఉదయం డాక్టర్ వనజాక్షి ఆ మెట్లెక్కి వచ్చి, చేతిలోని గుడ్డ పార్సెలు బల్ల మీద పెట్టి, ఎవరూ కూర్చోమనకముందే కూర్చుంది.

"ఇది మా యూనివర్సిటీ నుంచి ఢిల్లీకి పోయి వెనక్కొచ్చింది. లోపల ఒక కాగితం లేదు. దాన్ని ఎవరు తీసినారో నాకు తెలియాల."

ఆ మాటలు ఎవరో పక్కగదిలో అంటున్నట్టు వినిపించాయి ఆమెకు. పార్సెలు తిరిగొచ్చి తొమ్మిది రోజులైంది. ఏడుపు వస్తుందని ఎదురుచూసింది, రాలేదు. కోపమూ రాలేదు. అన్నం తింటే ఉప్పు ఉందో లేదో తెలియడం లేదు.

బల్ల వెనకున్న ఆదెన్న గుంతకల్లులో ఇరవై రెండేళ్లు రైల్వే పోలీసుగా పనిచేసి, ఉద్యోగం మానుకుని ఈ పరిశోధన గది తెరిచినవాడు. పక్కన నోటుపుస్తకంతో కూర్చున్న మల్లీశ్వరి లా చదివింది. కోర్టు కంటే ఈయన దగ్గరే న్యాయం ఎక్కువ నేర్చుకోవచ్చని నమ్మిన మనిషి.

"మొదట్నుంచి చెప్పండి మేడం," అన్నాడు ఆదెన్న.

ఆమె చెప్పింది. వానల్లేని ఏళ్లలో కూడా నిలబడే పాత కొర్ర విత్తనాలను ఆరేళ్లుగా పల్లెల్లో ఆడవాళ్ల దగ్గర సేకరించింది. వాటి మీద పెద్ద పరిశోధన చేయడానికి నిధులు కోరుతూ ప్రతిపాదన రాసింది. పది ప్రతులు పంపాలి. మొదటి ప్రతి చివర, అరవై నాలుగో పేజీగా, రిజిస్ట్రారు ఆకుపచ్చ సిరాతో సంతకం చేసిన అసలు ధ్రువపత్రం ఉండాలి. మిగతా తొమ్మిదింట్లో దాని జిరాక్సు చాలు. అసలు పత్రం లేకపోతే ప్రతిపాదనను చూడనే చూడరు.

"సెప్టెంబరు చివరి సోమవారం పదకొండింటికి ఆ సంతకం నా కళ్లతో చూసినాను. తర్వాత ఒక వైవాకు పోయినాను. ఒంటిగంటకు వచ్చి పేజీలు లెక్కబెట్టి, గుడ్డలో కుట్టించి, లక్క ముద్ర వేయించినాను. లెక్క సరిపోయింది. అరవై నాలుగు."

"మళ్లీ చదవలేదా?"

"లేదు. లెక్కబెట్టడమే నా అలవాటు."

ఆదెన్న మొదటి ప్రతి తిప్పాడు. పన్నెండో పేజీలో, రంగు పెన్సిళ్లతో చేత్తో దిద్దిన పల్లెల పటం. ఆఖరి పేజీకి వెళ్లాడు. అక్కడ ధ్రువపత్రం లేదు. అదే పటం ఇంకొకటి ఉంది. స్పైరల్ తీగ కోసం అంచున కొట్టిన రంధ్రాల వరుస వేలితో తడిమాడు. అన్ని పేజీలకూ కింది నుంచి మూడో రంధ్రం పడలేదు. అదనపు పటానికీ పడలేదు.

"మా డిపార్టుమెంటులో రంధ్రాలు కొట్టే మిషనుకు ఒక పన్ను విరిగింది," అంది వనజాక్షి.

నిధులిచ్చే ఢిల్లీ సంస్థ పంపిన ప్రకటన కూడా ఆదెన్న చదివాడు. ఒక వాక్యం మల్లీశ్వరి చేత పైకి చదివించాడు: "ఎంపికైన ప్రతిపాదనల విషయంలో నిపుణుల బృందం పొలాలకు వచ్చి, రైతులతో మాట్లాడి, ఆపైన నిధులు విడుదల చేస్తుంది." తర్వాత ముప్పై ఒకటో పేజీలోని పట్టికలో ఒక వరుస తన చీటీ మీద రాసుకున్నాడు. ఎందుకో వనజాక్షి అడగలేదు.

మరుసటి రోజు డిపార్టుమెంటులో విచారణ మొదలైంది. సంతకం పెట్టిన ఆ సోమవారం, ఆమె వైవాలో ఉండగా ఆమె గదిలోకి వచ్చినవాళ్లు ముగ్గురే.

డాక్టర్ కేశవ పక్కగది మనిషి. అదే పథకానికి తనూ ప్రతిపాదన పంపాడు. మొహం చిట్లించుకుని వచ్చాడు.

"నామీదే కదా అనుమానం? ఏమప్పా, దాచేదేముండాది? పోయినా. ఆమె ఎట్ల రాసిందో చూద్దామని పోయినా. గిరి టైపు కొడతాన్యాడు, ఆయప్ప ముందరే అయిదు నిమిషాలు తిరగేసి వచ్చేసినా."

టైపిస్టు గిరి అవునన్నాడు. "కేశవ సారు పోయినాకే నేను బయటికి పోయినా సార్. లక్క అయిపోయిందంటే అంగడి నుంచి తేనీకి పోయినా. వచ్చేటప్పటికి ముక్కాలు గంట పట్టింది."

"లక్క అయిపోయిందని ఎవరన్నారు?"

"చైతన్య."

చైతన్య వనజాక్షి దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాడు. సోమందేపల్లె వాడు. నాలుగేళ్లుగా పల్లెలు తిరిగి లెక్కలు తెచ్చేది అతనే. రాత్రులు నిద్ర లేనట్టు కళ్లు లోతుకుపోయి ఉన్నాయి.

"పటాలు ఎన్ని దిద్దినావు?" అడిగాడు ఆదెన్న.

"పది సార్. ప్రతికొకటి."

"చెడిపోతే ఉంటాదని ఇంకోటి దిద్దలేదా?"

"లేదు సార్. పదే."

బయటికొచ్చాక మల్లీశ్వరి ఆగలేకపోయింది. "పదే అంటాడు, పార్సెల్లో పదకొండు ఉండాయి. కానీ సార్, ఈ నిధులొస్తే ముందు బాగుపడేది ఆ అబ్బాయే. వాడెందుకు చెడగొట్టుకుంటాడు?"

"అందుకే కాగితం ఎవరు తీసినారని వెతకడం కాదు," అన్నాడు ఆదెన్న. "గెలిస్తే ఎవరికి కష్టమో చూడాల. మేడం, రేపు ముదిగుబ్బ వైపు పోదాం, వస్తారా?"

వనజాక్షి తల ఊపింది. జీపులో దారి పొడవునా కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఎండిన వేరుశనగ చేలు, వాటిలో ఏరుకోవడానికి ఏమీ లేక తలలెత్తి నిలబడ్డ గొర్రెలు. అవన్నీ తన లోపలే ఉన్నట్టు అనిపించింది ఆమెకు.

ముదిగుబ్బ దాటాక ఒక పల్లెలో చెన్నమ్మ ఇల్లు. కొర్ర విత్తనం మొదట ఇచ్చింది ఈమే. ఆదెన్న చీటీ తీశాడు.

"పోయినేడు వానకారులో నీ చేలో కొర్ర బాగా మొలిచిందంట కదా చెన్నమ్మా? గజానికి ఇరవై రెండు మొలకలంట."

చెన్నమ్మ నవ్వింది. "ఎవురు నాయనా చెప్పింది? పోయినేడు గింజ ఇత్తలేదు. ఇల్లు తాళమేసి అందరం బెంగుళూరు పోయినాం, ఇటికలు మొయ్యనీకి. ఉగాదికి తిరిగొచ్చినాం. ఊరే లేదంటే మొలకలు యాడియ్యి?"

వనజాక్షి నిలబడే ఉంది. ఆ ఇరవై రెండు అంకెను తను ఒక పరిశోధన పత్రికలో అచ్చు వేయించింది. దాని పక్కన తన పేరు ఉంది. గుండె దబ్బున పడాలి కదా అనుకుంది. పడలేదు. కాళ్ల కింద నేల మాత్రం కొంచెం దూరమైనట్టుంది.

శనివారం మధ్యాహ్నం సెమినారు గదిలో ఆదెన్న అందరినీ కూర్చోబెట్టాడు. మొదటి ప్రతి బల్ల మధ్యలో ఉంది.

"అసూయతో తీసేవాడు కాగితం లాగి పారేస్తాడు," అని మొదలుపెట్టాడు. "ఈ మనిషి స్పైరల్ తిప్పి ఊడదీసి, ధ్రువపత్రం తీసి, దాని చోట ఇంకో కాగితం పెట్టి, మళ్లీ ఎక్కించినాడు. ఎందుకు? మేడం పేజీలు లెక్కబెడతాదని వానికి తెలుసు. చదవదనీ తెలుసు. పెట్టిన కాగితానికి ఈ డిపార్టుమెంటు మిషనుతోనే, ముందే రంధ్రాలు పడినాయి. అంటే ఆ పొద్దు తోచిన పని కాదు. కేశవ సారు గిరి కళ్ల ముందరే వచ్చి పోయినాడు. ఆ తర్వాత లక్క పేరు చెప్పి గిరిని బయటికి పంపినారు. లక్క నిజంగా అయిపోయిందా గిరీ?"

గిరి తల గీక్కున్నాడు. "సగం కడ్డీ బీరువాలోనే ఉండె సార్. మర్నాడు కనపడింది."

"పదకొండో పటం అన్నిటికంటే పెద్ద సాక్షి. అదే చెయ్యి, అవే పెన్సిళ్లు. ఎక్కువ ఒకటి దిద్దినానంటే తప్పేం లేదు. అయినా దిద్దలేదని అబద్ధమాడినాడు. ఇంక ఎందుకు తీసినాడంటారా? నిధులొస్తే నిపుణులు పొలాలకు వస్తారు. చెన్నమ్మతో మాట్లాడతారు. పట్టికలో మొలకలున్న ఏడు, ఆ పల్లెలో మనుషులే లేరు."

అందరూ చైతన్య వైపు తిరిగారు. అతను చేతులు బల్ల మీద పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

"మూడుసార్లు పోయినా మేడం," అన్నాడు. "తాళాలేసిన ఇండ్లు. దున్నని చేలు. ఖాళీ పుస్తకంతో మీ దగ్గరికొచ్చినా, గుర్తుండాదా? నన్ను నోరు తెరవనియ్యలేదు. లెక్కల్లేని ఏడంటే నీ పీహెచ్‌డీలో ఒక ఏడు పోయినట్టే, ఏం చేస్తావో నాకు తెలీదు, తెచ్చి పెట్టు అన్నారు. ఏమీ లేని చేలో ఏం లెక్కబెట్టాల మేడం? ముందేటి అంకెలకు అటూ ఇటూ చేసి రాసినా. ప్రకటనలో ఆ బృందం మాట చదివినాక నాకు నిద్ర లేదు."

వనజాక్షికి గుర్తొచ్చింది. అతను గుమ్మం దగ్గర నిలబడటం, తను తల ఎత్తకుండానే ఆ మాట అనడం. అంకెలు వచ్చాక ఎంత బాగున్నాయో అని మురిసిపోవడం కూడా. ఊళ్లకు ఊళ్లు వలసపోయిన ఏడు మొలకలు ఎక్కడివని ఆమె ఒక్కసారీ అడగలేదు.

కేశవ గొంతు సవరించుకున్నాడు. "చూడు వనజాక్షీ, నాకు నీతో పోటీ ఉండొచ్చు గానీ నీమీద పగ లేదు. ఢిల్లీ వాళ్లకు కాగితం లేదని తప్ప ఇంకేం తెలీదు. ఆ ఒక్క వరుస తీసేసి వచ్చే ఏడు పంపు. పేపరు సంగతి ఎవరు తవ్వుతారు? ఈ గది దాటి పోదు."

మల్లీశ్వరి ఆదెన్న మొహంలోకి చూసింది. అతను తన పని అయిపోయినట్టు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కేశవ చెప్పింది నిజమే. ఎవరూ తవ్వరు. ఆరేళ్ల పనిలో ఒక్క ఏడు. నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడం ఇప్పుడు వనజాక్షికి ఏమాత్రం కష్టం కాదు, పార్సెలు వచ్చినప్పట్నుంచీ లోపల అంతా మూతబడే ఉంది. ఆ తేలికతనానికే ఆమెకు భయం వేసింది. ఇన్ని రోజుల్లో ఆమెకు తెలిసిన మొదటి భయం అది.

"గిరీ," అంది. "టైపు మిషను ముందర కూర్చో. రెండు ఉత్తరాలు. ఒకటి ఢిల్లీకి, ఆ ప్రతిపాదనలో ఒక ఏడు లెక్కలు తప్పని, దాన్ని ఇంక పంపబోమని. రెండోది పత్రిక సంపాదకునికి. 2001 లెక్కలు నిజం కావు, ఆ ఏడు ఆ పల్లెలో ఎవరూ విత్తలేదు, వలసపోయినారు అని రాయి."

చైతన్య లేచి నిలబడ్డాడు.

గిరి కాగితం ఎక్కించి, మొదటి నాలుగు ముక్కలు కొట్టి, వేళ్లు ఆపాడు. "తప్పు ఎవరిదని రాయమంటారు మేడం?"

"ఇద్దరిదీ," అంది వనజాక్షి. "నా పేరు ముందు రాయి."