బాల్కనీలో ఆఖరి వరస

ఆ పాత సినిమా హాలు బాల్కనీ అంటే మా వీధిలో అందరికీ హడలు. రెండో ఆట అయ్యాక అక్కడ ఒకావిడ తిరుగుతుందట... మతి చెడి పైనుంచి దూకేసిందట. చూసినవాడు లేడు, చెప్పనివాడు లేడు.

నేను కుట్టు షాపులో మిషన్ తొక్కుతాను. మా షాపులో గుండీలకి కాజాలు కుట్టే అక్క చెప్పిందిదంతా. దూకింది ఎవరో కాదట, అక్క మొగుడి మొదటి పెళ్ళామేనట. ఆయనే చెప్పాడు. అందుకే అక్క ఆ హాలు ఛాయలకి కూడా వెళ్ళేది కాదు.

పాపం, ఆ మధ్య అక్కకి అన్నీ మాయమయ్యేవి. తాళాలు, కళ్ళజోడు... ఆఖరికి కత్తెర.

“నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటావు. దాని లక్షణాలే నీకూ వస్తున్నాయి. రేపట్నుంచి పని మానేసి ఇంట్లో ఉండు,” అన్నాడు మొగుడు ఓ పొద్దున. మెత్తగానే అన్నాడు. కాదనే ఓపిక కూడా లేదు అక్కకి. నిజమేనేమో అనుకుంది.

ఆ రాత్రి షాపు కట్టేశాక అక్కకి ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. పైగా వాన. గత్యంతరం లేక ఆ హాల్లోకే దూరింది. కింద కారుతోందని బాల్కనీకి పంపారు — పైన నరపురుగు లేదు.

తెర మీద ఏదో నలుపు తెలుపు సినిమా. అందులో మొగుడే పెళ్ళాం ఉంగరం దాచి, “నువ్వే పారేసుకున్నావు” అంటున్నాడు... నవ్వుతూ. అక్కకి ఏడుపు ఆగలేదు.

వెనక కుర్చీ కిర్రుమంది.

“ఆయన రెండో పెళ్ళానివి కదూ?” — గుసగుస. “ఈసారి ఏం పోయింది?”

అక్క తెర వైపే చూస్తూ అంది, “క... కత్తెర.”

“బియ్యం డబ్బాలో చూశావా? నావి అక్కడే దాచేవాడు.”

భుజం మీద చెయ్యి పడింది. అక్క కెవ్వుమనబోయింది... చెయ్యి వెచ్చగా ఉంది! రెండో చేతిలో చీపురు. ఆట అయ్యాక బాల్కనీ ఊడ్చే మనిషి.

“చచ్చానని చెప్పాడా? చచ్చినంత పనే అయింది లేమ్మా. పారిపోయి బతికాను,” అంది ఆవిడ నీరసంగా.

అక్క ఇంటికొచ్చి బియ్యంలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. అడుగున చల్లగా తగిలింది.

గుమ్మంలోంచి మొగుడి గొంతు — “అక్కడ పెట్టి మర్చిపోయావా, పిచ్చిదానా?”

అక్క తెల్లారేసరికి కత్తెర, బట్టల మూట పట్టుకుని వచ్చేసింది. ఇప్పుడు ఆ ఊడ్చే ఆవిడ గదిలోనే ఉంటోంది.

వీధిలో కొత్త మాట పుట్టింది — బాల్కనీ దెయ్యం అక్కని పట్టిందట. ఎవరు పుట్టించారో వేరే చెప్పాలా?

నిన్న మా ఆయన కూడా అన్నాడు, “దానితో తిరగకు, నీకూ మతిమరుపు మొదలైంది,” అని. మెత్తగానే అన్నాడు.

నా తాళాలు మొన్నట్నుంచి కనబడటం లేదు... బియ్యం డబ్బా మూత తియ్యాలంటే భయంగా ఉంది.