నిన్నటి పేపరు

తల్లిని కూతురే చంపింది. ఇంగ్లీషు పేపరు చేతికిచ్చి చంపింది. తండ్రి మనసులో ఇది తీర్పు పడిన కేసు. భార్య పోయిన నాటి నుంచీ కూతురితో నేరుగా మాట్లాడటం మానేశాడు. ఆమె వండింది తింటాడు, ఉతికింది కట్టుకుంటాడు. చెప్పాల్సింది మాత్రం గోడకు చెబుతాడు.

ఆ ఆదివారం పొద్దున్నే మరదలు వచ్చింది. అక్క పోయాక నెలకోసారి వచ్చి ఇల్లు చూసి వెళుతుంది. నోరున్న మనిషి.

"పిన్నీ, నాన్నకి నీళ్లు కాగాయని చెప్పు," అంది కూతురు వంటింట్లోంచి.

"నాకు తెలుసని చెప్పు," అన్నాడాయన చెప్పుల స్టాండు వైపు చూస్తూ.

"నేను చుట్టపుచూపుగా వచ్చానా, మీ ఇద్దరికీ పోస్టుమేన్ ఉద్యోగంలో చేరానా?" అంది మరదలు. "ఆ చెప్పులకి చెవులుంటే ఈపాటికి పారిపోయేవి బావా."

ఎవరూ నవ్వలేదు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

భార్య ఉన్నప్పుడు ఈ ఇంట్లో నవ్వుండేది. ఆవిడ ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసేది. ఇంగ్లీషు చదవడం వస్తే తడిగుడ్డ వదిలేసి మందుల గదిలోకి రావచ్చని పెద్ద నర్సు ఆశ పెట్టింది. కూతురు వీధి చివర ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా. ఆఫీసుకొచ్చే ఇంగ్లీషు పేపరుని సాయంత్రం ఇంటికి తెచ్చేది. మర్నాడు పొద్దున, పనుల్లోకి వెళ్లేముందు తల్లికి పాఠం.

అవి ఊరంతా అట్టుడికిపోతున్న రోజులు. పేపరు నిండా ఊరేగింపులు, అరెస్టులు, లాఠీఛార్జీలు. రోజూ అవే వార్తలు కాబట్టి రోజూ అవే మాటలు. అందుకే ఆవిడకి తొందరగా పట్టుబడ్డాయి. పిల్లలు పండు పేరో పక్షి పేరో నేర్చుకుని మొదలుపెడతారు. ఆవిడ కర్ఫ్యూతో మొదలుపెట్టింది.

నేర్చుకున్న మాట ఇంట్లో వాడాలని కూతురు షరతు. ఇక చూసుకోండి. ఆయన కూరలో ఉప్పు లేదంటే, "మీ నాన్న ప్రొటెస్ట్ చేస్తున్నారే!" అనేది. స్నానానికి ఆలస్యం చేస్తే అల్టిమేటం ఇచ్చేది. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుని చెరో గదిలో కూర్చుంటే, మధ్య గుమ్మంలో నిలబడి, "టాక్స్ ఫెయిల్డ్, చర్చలు విఫలం," అని తానే ప్రకటించేది. పల్లెటూరి బడిలో ఏడో తరగతితో ఆగిపోయిన ఆయన, "ముసలితనంలో ఈ చదువేమిటే?" అని విసుక్కునేవాడు. విసుక్కుంటూనే చెవి అటు వేసేవాడు.

ఒక మంగళవారం పేపర్లో కర్ఫ్యూ సడలింపు వార్త వచ్చింది. ఈ రోజు పొద్దున్నించి సాయంత్రం దాకా జనం బయట తిరగొచ్చని. తిరిగారు కూడా. మధ్యాహ్నం మార్కెట్లో కాల్పులు జరిగాయి. మళ్లీ అన్నీ మూసేశారు. లేతు మిషన్ల షెడ్డులో పనికెళ్లిన ఆయన అక్కడే చిక్కుకుపోయాడు. ఫోన్లు పనిచేయలేదు. ఆ సాయంత్రం కూతురు ఎలాగో ఇల్లు చేరింది, అలవాటుగా చంకలో పేపరుతో.

బుధవారం తెల్లారి, కూతురు లేవకముందే, ఆవిడ పేపరు తీసి తనంతట తాను చదువుకుంది. ఎవరి సాయమూ లేకుండా ఒక వార్త మొత్తం చదవడం అదే మొదటిసారి. ఈ రోజు కర్ఫ్యూ సడలింపు. అచ్చులో ఉంది. మాటలు వెతుక్కోవడం నేర్చుకుంది గానీ, పేజీ నెత్తిన ఏ తేదీ ఉందో చూసుకోవాలని ఆవిడకెవరూ చెప్పలేదు. పాఠానికి తేదీతో పనేముంది?

నిన్న మూసినా ఈ రోజు మళ్లీ తెరిచారనుకుని బయల్దేరి, నాలుగు రోడ్ల దగ్గర పడిపోయింది. రాయి అన్నారు, రబ్బరు తూటా అన్నారు. ఎవరూ తేల్చలేదు. తెల్లారగానే ఎందుకు వెళ్లిందే అని ఆయన అడిగితే, "పాలకి. నిన్నటి పేపరు చూసి ఈ రోజు కర్ఫ్యూ లేదనుకుంది," అంది కూతురు. ఆ తర్వాత ఆయన కూతుర్ని నేరుగా ఏదీ అడగలేదు.

ఆయన స్నానం చేసి వచ్చేసరికి ముందుగదిలో చాప పరిచి ఉంది. పక్కింటి కోడలు, కింద వాటాలో బట్టలు కుట్టే ఆవిడ కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్యలో ఇంగ్లీషు పేపరు. ఎదురుగా కూతురు. రోజూ ఆయన పనికెళ్లాక జరిగే పాఠం, ఆదివారం కావడంతో ఆయన కంటపడింది.

"ముందు తేదీ," అంటోంది కూతురు. "తేదీ చదవకుండా కిందికి దిగొద్దు."

"రోజూ ఇదేంటమ్మాయ్, తేదీ కూడా పాఠమేనా?" అంది కుట్టే ఆవిడ.

"అదే పాఠం అక్కా. మిగతావన్నీ తర్వాత."

ఇద్దరూ కూడబలుక్కుని తేదీ చదివారు.  ఆయన ఒక్క అంగలో వెళ్లి పేపరు లాక్కుని నిలువునా చింపాడు.

"ఇంకా ఎంతమందిని చంపుతావే?"

ఆడవాళ్లిద్దరూ బిక్కచచ్చిపోయి లేచారు. వాళ్లు బయటికెళ్లాక కూతురు చాప చుట్టబోయింది. 

"వదిలెయ్," అంది మరదలు. "బావా, ఇటు చూడు. అక్క ఎందుకు బయటికెళ్లింది?"

"పాలకి."

"పాలకా! ఇంట్లో గిన్నెడు పాలు కాచి ఉన్నాయి. నేనొచ్చేసరికి విరిగి కంపు కొడుతుంటే నేనే పారబోశాను."

"పిన్నీ, వద్దు," అంది కూతురు. "ఒట్టేశావు."

"ఒట్టు తీసి గట్టున పెట్టు! నిన్ను రోజూ ఉరి తీస్తుంటే చూడటానికా నేను ఒట్టేసింది?" మరదలు బావ వైపు తిరిగింది. "నీ షుగరు మాత్రలు పట్టుకుని షెడ్డుకి వస్తోంది బావా. రాత్రంతా మనిషి మాత్ర లేకుండా ఉన్నాడని. పడిపోయినప్పుడు కూడా ఆ డబ్బా పిడికిట్లోనే ఉంది. ఇది ఆ డబ్బా దాచేసి, పాల కబురు అల్లింది. ఎందుకే అని అడిగితే, నాన్న తట్టుకోలేడు, నా మీదే ఉండనీ అంది."

ఆయన నిలబడే ఉన్నాడు. ఆ రాత్రి షెడ్డులో గోనెసంచుల మీద హాయిగా పడుకున్నాడు. మాత్ర సంగతే గుర్తుకు రాలేదు. తెల్లారి కాపలావాడు టీ ఇస్తే, చక్కెర ఇంకాస్త వెయ్యమని అడిగాడు. ఆ వేళకే ఆవిడ రోడ్డు మీద ఉండి ఉంటుంది.

గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. కూతురు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"తేదీ చూడమని నేను చెప్పలేదు నాన్నా. అది నిజమే. నువ్వన్న దాంట్లో తప్పేం లేదు. కానీ అమ్మ గురించి ఒక్కసారి నాతో మాట్లాడు. తిట్టయినా తిట్టు. ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే మాట్లాడుకుంటున్నాను."

ఆయన ఆమె మొహం చూశాడు. పిల్ల ఎప్పుడు ఇంత చిక్కిపోయిందో ఆయనకు తెలియదు. నోరు తెరిచాడు. 

"నువ్వు కాదు."

కూతురు ఏడ్చింది. ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు. తిరిగి పట్టుకోనూ లేదు.

"మరి అమ్మ..." అంది.

"వద్దు. ఆ సంగతి ఇక నా దగ్గర ఎత్తొద్దు. నువ్వూ వద్దు, మీ పిన్నీ వద్దు. నేను పోయేదాకా నేనూ ఎత్తను."

ఎత్తలేదు.