అగ్నిముడి

మధ్యాహ్నపు కూత కూసింది. విజయనగరం కసరత్తుశాలలో అగ్నిదాతలందరూ బరువులు దించి భోజనాలకు కూర్చునే వేళ. పైడితల్లి మాత్రం ఇంట్లో మంచం మీద కదలకుండా పడుకుని ఉంది. మణికట్టు మీది దహనమాపకం మర్యాదగా గొంతు సవరించుకుంది.

"అమ్మా, ఈ రోజు కసరత్తు కాలేదు. భోజనమూ కాలేదు. మీ విశ్రాంత దహనం ఇంకా తగ్గింది."

"తగ్గితే తగ్గనీ," అంది పైడి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలోని సంతోషం చూస్తే ఎవరికైనా ఒళ్ళు జలదరించేది.

మనిషి ఊరికే పడుకున్నా ఒంట్లో ఒక కుంపటి మండుతూనే ఉంటుంది. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్ళు వెచ్చగా ఉండాలి కదా! ఆ మంటకే విశ్రాంత దహనమని పేరు. కసరత్తు చేసి కండ పెంచిన ఒంట్లో కుంపటి పెద్దది. కడుపు మాడ్చుకున్న ఒళ్ళు పిసినారిదైపోయి, ఉన్న నిప్పును నివురు కింద దాచుకుంటుంది. ఇదంతా పాత సంగతే. కొత్తగా వచ్చిందల్లా అగ్నిముడి. మెడ కింద గింజంత యంత్రాన్ని ఇద్దరికి నాటితే, ఒకరి కుంపటి ఎంత మండితే రెండోవారిదీ అంతే మండుతుంది. ఇంకేం! కలవాళ్ళు సోఫాల్లో కూర్చుని పూతరేకులు తినడం, లేనివాళ్ళు అగ్నిదాతలై వాళ్ళ కోసం చెమటోడ్చడం. దంచినమ్మకు బొక్కిందే కూలి అని సామెత. ఈ కాలంలో దంచేది ఒకరు, బొక్కేది ఇంకొకరు. పైగా ఒకసారి పడ్డ ముడి ఇద్దరిలో ఒకరు పోయేదాకా విడదు. పెళ్ళికైనా విడాకులున్నాయి గానీ దీనికి లేవు.

పైడి బరువులెత్తిన మనిషి. ఆ కండ చూసి, ముడులు వేసే కంపెనీ ఎగిరి గంతేసి దాతగా తీసుకుంది. గ్రహీత ఎవరో దాతకు చెప్పరు. కానీ ముడి వేసిన రోజు, పని పూర్తయ్యాక, తెర అవతల ఒక గొంతు నర్సును కసిరింది. "జాంగ్రీ ఎప్పుడు తినొచ్చో చెప్పవేం?"

ఆ గొంతును పైడి కాటికి పోయినా మరిచిపోదు. అది కోచ్ వరాహమూర్తిది.

ముడి పడకముందు, పైడి చెల్లెలు రత్నం అతని దగ్గరే బరువులెత్తేది. పోటీలో తక్కువ బరువు తరగతిలోకి దించడానికి ఆ పిల్ల చేత తిండి మాన్పించాడు. "సలేస్తంది సారూ" అంటే "నాటకాలాడకు" అన్నాడు. నడి వేసవిలో దుప్పటి కప్పుకుని వణికిన పిల్ల, పోటీ రోజున కాటా మీదే కూలిపోయింది. గుండె మళ్ళీ కొట్టుకోలేదు. విచారణలో మూర్తి మీద ఈగ కూడా వాలలేదు.

అందుకే పైడి కసరత్తు మానేసింది, తిండి మానేసింది. తన నిప్పు ఆరుతుంటే వాడి నిప్పూ ఆరుతుంది. ముసలి ఒళ్ళు కనక ముందు వాడే పోతాడని ఆమె లెక్క. తన జుట్టు రాలుతున్నా, పాదాలు చల్లబడిపోతున్నా, వాడికీ ఇలాగే ఉంటుందన్న తలపే ఆమెకు పరమాన్నం. తల్లి అసిరమ్మకు ఇదేమీ తెలియదు. ఏదో మాయరోగమనుకుని మొక్కని దేవత లేదు.

తలుపు చప్పుడైంది. తీసిన అసిరమ్మ కొయ్యబారిపోయింది. రోహిణి ఎండలో కంబళి కప్పుకుని వరాహమూర్తి నిలబడ్డాడు. కంపెనీవాళ్ళ పీకల మీద కూర్చుని దాత చిరునామా సంపాదించాడు గానీ, ఆ దాత ఎవరన్నది అసిరమ్మను చూశాకే అర్థమైనట్టుంది. అయినా వెనక్కి తిరగలేదు. చలి తిరగనివ్వలేదు.

"తిను పైడీ," అన్నాడు మంచం పక్కన కూలబడి. "నీ నిప్పు తగ్గినప్పట్నుంచి నాకు ఒళ్ళు పెరిగింది. పెరుగుతోందని తిండి తగ్గించాను. ఇప్పుడు ఎముకల్లోంచి చలి. దణ్ణం పెడతాను, తిను."

"సావు."

అతను కంబళి ఇంకా దగ్గరగా లాక్కున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఆ పిల్లకి ఇంత చలేసిందా?"

వాడు ఏడుస్తాడని, కాళ్ళ మీద పడతాడని పైడి కలలు కంది. ఇలా అడుగుతాడని మాత్రం అనుకోలేదు. ఆ యంత్రం చేసిన మేధావులూ అనుకుని ఉండరు. వెచ్చదనం పంచడానికి చేసిన ముడి, చచ్చిపోయిన పిల్ల చలిని తెచ్చి వాడి ఎముకల్లో పెట్టింది.

"ఇప్పుడా తెలిసింది నీకు? ఇప్పుడా!" పైడి వాడి గొంతు పట్టుకోవడానికి లేవబోయింది. చెయ్యి లేవలేదు. మంచం మీంచి పక్కకు ఒరిగిపోతుంటే అసిరమ్మ పట్టుకుంది. కూతురి ఒళ్ళు తేలిగ్గా, చల్లగా తగిలింది. ఆమెకు అంతా అర్థమైంది. మారు మాట్లాడకుండా లోపలికెళ్ళి చోడి అంబలి గిన్నెతో వచ్చింది.

"తినను. నాను తింటే ఆడికీ ఎచ్చబడతాది."

"ఓలి, ఒక గుంటని, నీ సెల్లిని, ఆడు సంపేసినాడు. రెండోదాన్ని నీ పగకి ఇచ్చీమంటావేటి? నాకెవులున్నారే?" అసిరమ్మ గిన్నె కూతురి నోటి దగ్గర పెట్టింది.

పైడి ఏడ్చింది. ఏడుస్తూనే నోరు తెరిచింది. గిన్నె సగమయ్యేసరికి మూర్తి వణుకు తగ్గింది. హాయిగా కళ్ళు మూసుకున్నాడు. అది చూసి పైడికి తిన్నదంతా కక్కేయాలనిపించింది. అసిరమ్మా చూసింది.

"ఒరే, కళ్ళు తెరువు," అంది. "నా పెద్దగుంట బతకాల, అందుకు తింతంది. నువ్వూ బతుకు. నూరేళ్ళు బతుకు. ఇది తిన్నప్పుడల్లా నీకు ఎచ్చబడతాది. ఎచ్చబడినప్పుడల్లా నా సిన్నగుంట నీకు గుర్తుకు రావాల. ఒక్క పూట కూడా సుఖంగా నిద్దరోకూడదు నువ్వు. ఇక పో!"

అతను కంబళి చేత పట్టుకుని, తల వంచుకుని వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా పైడి కిటికీలోంచి చూస్తూనే ఉంది. తర్వాత మిగిలిన అంబలీ తాగేసి, గిన్నె తల్లి వైపు జరిపింది.

"ఇంకో గరిటె ఎయ్యమ్మా."