చివరిదాకా చదవని పేజీ

ఆ ఇంట్లో పొద్దున పది గంటల కాఫీకి ఒక కట్టుబాటుంది. మనిషికి ఒకటే బిస్కెట్టు. రేకు డబ్బా మూత తీస్తారు, బల్ల చుట్టూ తిప్పుతారు, టక్కున మూసేస్తారు. హిస్కె పుట్టి నలభై ఏళ్ళు దాటింది. ఆ డబ్బా ఒకే పూట రెండోసారి తెరుచుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆ రోజు తెరుచుకుంది.

"ఇంకోటి తీసుకో యోరిన్," అన్నాడు గెర్బెన్, డబ్బాని కోడలి వైపు జరుపుతూ.

హిస్కె చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. ఆమె తమ్ముడు డౌవె తండ్రిని ఎగాదిగా చూశాడు. "నాన్నా, ఒంట్లో బాగానే ఉందా?"

"నోర్మూసుకో. ఆ పిల్ల సంపాదించుకుంది, తింటోంది. పొద్దున్నుంచి నువ్వేం చేశావు, పడవకి రంగేస్తూ ఈల వేయడం తప్ప?"

నెదర్లాండ్స్ దేశపు ఫ్రీస్‌లాండ్‌లో కాలువ ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్ళో గెర్బెన్‌ది మంచు మీద జారే స్కేట్ల దుకాణం. కొత్తవి అమ్ముతాడు, పాతవాటికి పదును పెడతాడు. తల్లి పోయాక ఆ దుకాణంలో తండ్రికి కుడిభుజం హిస్కెనే. వెబ్‌సైట్ పెట్టించింది ఆమె, అందులో ప్రతి అక్షరం రాసింది ఆమె. నిరుడు డౌవె రోటర్‌డామ్ నుంచి యోరిన్‌ని పెళ్ళి చేసుకొచ్చాడు. ఆ పిల్లకి స్కేట్ల తాళ్ళు కట్టుకోవడం కూడా రాదు. అలాంటిది, వచ్చిన నెలకే "సైటు నేను కాస్త చూడనా?" అని అడిగింది. తండ్రి సరేనన్నాడు. హిస్కెని ఎవరూ అడగలేదు.

"నెట్‌లో స్కేట్లకి పదును అని వెతికితే ఇప్పుడు పైనుంచి రెండోవాళ్ళం మనమే," అంది యోరిన్, రెండో బిస్కెట్టు కొరుకుతూ. "బోల్స్‌వర్డ్‌లోని పెద్ద కొట్టు మన కిందుంది."

"నా కింద!" గెర్బెన్ బల్ల గుద్దాడు. "ఏం మాయ చేశావే?"

"మాయేం లేదు గెర్బెన్. వచ్చినవాళ్ళు ఎక్కడ ఆగి చదువుతున్నారో, ఎక్కడ విసుగొచ్చి పారిపోతున్నారో చూస్తాను. పారిపోయేచోట కత్తిరిస్తాను, ఆగేచోట పెంచుతాను. మన పేజీ చూసినవాడు మళ్ళీ వెనక్కెళ్ళి ఇంకోడి పేజీ వెతుక్కోలేదనుకోండి, మన దగ్గర సరుకుందని సెర్చ్ ఇంజన్ లెక్క. నెమ్మదిగా పైకొస్తాం."

"ఎవరి రాతలు చూసి పారిపోతున్నారట?" అడిగింది హిస్కె.

యోరిన్ తడబడింది. "ఎవరివని కాదు... తాతగారి చరిత్ర పేజీ ఉంది చూడు, అక్కడ."

"అది నేను రాశాను."

"తెలుసు హిస్కె. బాగా రాశావు. కానీ పదును పెట్టించుకోవడానికి వచ్చినవాడికి తాతగారి పెళ్ళి సంగతెందుకు చెప్పు?"

డౌవె పకపకా నవ్వాడు. అది హిస్కెకి పట్టలేదు. తండ్రి కూడా నవ్వాడు. అది గుండెల్లో ముల్లయి దిగింది.

గెర్బెన్ డబ్బా మూసి గొంతు సవరించుకున్నాడు. "ఎండలొచ్చేసరికి నేను కొట్టు వదిలేస్తాను. చేతులు వణుకుతున్నాయి. ఈ రోజుల్లో కొట్టు గుమ్మం రోడ్డు మీద లేదు, ఆ సైటులో ఉంది. సైటు ఎవరు బాగా చూసుకుంటే కొట్టూ వాళ్ళదే."

ఆ మాటంటున్నప్పుడు ఆయన కళ్ళు ఎవరి మీదున్నాయో హిస్కె చూసింది.

ఆమె ఏం చేయబోతోందో అప్పటికి ఆమెకే తెలియదు. ఆ మధ్యాహ్నం గ్రంథాలయానికి వెళ్ళాక తెలిసింది. వారంలో నాలుగు మధ్యాహ్నాలు అక్కడ పుస్తకాలు సర్దడం ఆమె పని. పని చూసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. స్కేట్లకి పదును అని వెతికింది. యోరిన్ తయారుచేసిన పేజీ తెరిచింది. ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు ఆగి, వెనక్కి వచ్చేసింది. దాని కిందనే ఉన్న బోల్స్‌వర్డ్ కొట్టు పేజీ తెరిచి, అక్కడ తీరిగ్గా కూర్చుంది.

తర్వాత పక్క కంప్యూటర్. తర్వాత ఇంటికెళ్తూ బస్టాపులో ఫోను. ఇంట్లో మాత్రం ముట్టుకోలేదు. "మనింటి నెట్ నుంచి చూసేవి లెక్కలోకి రానివ్వను, మనల్ని మనమే మోసం చేసుకున్నట్టుంటుంది," అని యోరిన్ ఎప్పుడో చెప్పింది. ఆ తెలివి ఇప్పుడు హిస్కెకి పనికొచ్చింది.

రోజూ అదే పని. మొదటి తెర దాటి కిందికి ఆమె ఒక్కసారీ వెళ్ళలేదు. ఎందుకెళ్ళాలి? పేజీ పైన యోరిన్ పెట్టిన స్కేట్ల మెరుపు ఫోటో చూస్తేనే కళ్ళు మండేవి. ఆ ఏడు చలి ఇంకా ముదరలేదు. కాలువలో బాతులు ఈదుతున్నాయి. స్కేట్ల కోసం వెతికేవాళ్ళే తక్కువ. ఆ కొద్దిమందిలో ఒక మనిషి రోజూ పదిమంది పెట్టు అయింది.

రెండు వారాలకి యోరిన్ ముఖం వాడిపోయింది. వంటింట్లో బఠాణీల సూపు కలుపుతూ కలుపుతూ గరిటె ఆపేసేది.

"అర్థం కావట్లేదు హిస్కె. జనం ఇలా వచ్చి అలా పోతున్నారు. అదీ మన ఊరివాళ్ళే! నా రాత అంత నచ్చలేదా వీళ్ళకి?"

హిస్కె రొట్టె మీద వెన్న రాస్తూ తల ఎత్తలేదు. "పారిపోయేచోట కత్తిరించాలని నువ్వేగా చెప్పావు."

"మొత్తం తీసేయమంటావా?"

"నాకేం తెలుసు? లెక్కలు నీకు తెలుసు. నాకు తాతగారి పెళ్ళి కబుర్లు తప్ప ఏమొచ్చు?"

యోరిన్ చురుక్కున చూసింది. మర్నాడు ఆ పదును పేజీ తీసేసింది. దాని చోట ధర, వేళలు ఉన్న నాలుగు ముక్కలు పెట్టింది. ఆ రాత్రి హిస్కెకి హాయిగా నిద్రపట్టింది.

అప్పుడొచ్చింది చలి.

తూర్పు గాలి ఆగకుండా వీచింది. బాతులు కాలువ విడిచి వంతెన కింద గుమిగూడాయి. ఒక పొద్దున గెర్బెన్ ఒడ్డున నిలబడి మడమతో తన్ని చూశాడు. మంచుగడ్డ కదల్లేదు. ఏళ్ళ తరబడి రాని మంచు అది. దేశం దేశమంతా అటకల మీది స్కేట్లు దింపింది. తుప్పు పట్టిన ఇనుము చూసి, పదును పెట్టేవాడెక్కడున్నాడా అని ఫోన్లలో వెతికింది.

గెర్బెన్ సానరాళ్ళు కడిగి, నూనె పోసి, చేతులు చొక్కాకి తుడుచుకుని నిలబడ్డాడు. ఊళ్ళోవాళ్ళు నలుగురొచ్చారు. తర్వాత ఎవరూ రాలేదు. కిటికీ అవతల మాత్రం బయటి ఊళ్ళ కార్లు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆగుతున్నాయి. మనుషులు దిగి తిన్నగా కాలువలోకి వెళ్ళిపోతున్నారు.

మధ్యాహ్నం ఒకాయన తలుపు తోసుకొచ్చాడు. ఉట్రెక్ట్ నుంచట. మెడలో స్కేట్లు తళతళలాడుతున్నాయి. చేతి తొడుగులున్నాయా అని అడిగి, సానబల్ల చూసి నోరు తెరిచాడు.

"మీరు ఇక్కడే పదును పెడతారా? అయ్యో! మేము బోల్స్‌వర్డ్‌లో గంటన్నర వరసలో నిలబడి వచ్చాం. నెట్‌లో ఎక్కడా లేరేమండీ మీరు?"

ఆయన వెళ్ళగానే గెర్బెన్ ఫోను తీసి, వేలు ఆడిస్తూ పోయాడు. తన దుకాణం పేరు దొరికేసరికి ఆయన ముఖం నల్లబడింది.

"యోరిన్!"

ఆమె మేడ దిగి వచ్చింది. వెనకే డౌవె.

"రెండో చోటు అన్నావు. ఏదీ? మూడో పేజీలో, కుక్కల గొలుసులమ్మేవాడి కింద ఉన్నాను నేను!"

"పేజీ తీసేయాల్సి వచ్చింది గెర్బెన్. జనం ఆగడం లేదు. లెక్కల్లో..."

"లెక్కలు! మంచు ఏ ఏడుకో వస్తుంది. ఆ ఒక్క వారం కోసమే ఈ కొట్టు బతుకుతుంది. మా నాన్న జ్వరంతో కూడా ఆ వారం బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. నువ్వు ఆ వారంలోనే నా గుమ్మానికి గోడ కట్టావు!"

"నాన్నా, కాస్త నెమ్మదిగా," అన్నాడు డౌవె.

"నువ్వు మాట్లాడకు. హిస్కె చేతిలో ఉన్నన్నాళ్ళు పైకి రాకపోయినా పాతాళానికి పోలేదు. సైటు తాళం దానికిచ్చెయ్."

యోరిన్ ఏడవలేదు. చేతిలో ఉన్న ల్యాప్‌టాప్ బల్ల మీద హిస్కె ముందు పెట్టింది. "అన్నీ ఇందులో ఉన్నాయి. తీసేసిన పేజీ కూడా. పనికొస్తే వాడుకో." వంటింట్లోంచి ఒక కుర్చీ తీసుకుని, కోటు వేసుకుని బయటికి వెళ్ళిపోయింది.

గెలిచింది. కుడిభుజం మళ్ళీ కుడిభుజమే. హిస్కె నెమ్మదిగా ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. ఆ పిల్ల రాత ఎంత తేలికో ఒకసారి చూసి, తనది పెట్టేద్దామనుకుంది. తీసేసిన పేజీ తెరిచింది. మొదటిసారి వేలు కిందికి కదిపింది.

మెరుపు ఫోటో పోయింది. సానబల్ల వచ్చింది. దాని కింద ఒక ఆడమనిషి చెయ్యి, స్కేటు అంచు మీద బొటనవేలి గోరు. అటక మీద పాత పెట్టెలో ఉండాల్సిన ఫోటో అది. దాని పక్కన చరిత్ర పేజీలో తను రాసిన మాటలే, కామా కూడా మారలేదు:

"పదును చూడ్డానికి అమ్మ భూతద్దం పెట్టుకునేది కాదు. గోటిని అంచు మీద అడ్డంగా లాగేది. తెల్లటి పొడి రాలితే స్కేటు సిద్ధం. గోరుని కొరకని ఇనుము మంచునేం కొరుకుతుంది అనేది."

కింద చిన్న అక్షరాల్లో ఉంది: "ఈ మాటలు రాసింది గెర్బెన్ కూతురు హిస్కె. ఈ పేజీలో జనం అన్నిచోట్లకన్నా ఎక్కువసేపు ఆగేది ఇక్కడే, అందుకే ఇది చివరికంటా దాచాం."

హిస్కె లెక్కల పట్టిక తెరిచింది. వచ్చినవాళ్ళ ఊళ్ళు వరసగా ఉన్నాయి. తమ ఊరిని పక్కన పెట్టి చూసింది. మిగిలినవాళ్ళంతా, గ్రోనింగెన్ నుంచి వచ్చినవాళ్ళు, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చినవాళ్ళు, అందరూ చివరిదాకా వెళ్ళారు. అమ్మ చేతి దగ్గర ఆగారు. ఆగకుండా పారిపోయిన మనిషి దేశం మొత్తానికి ఒక్కతే. అమ్మని చూడకుండా, తన పేరు తనే చూసుకోకుండా.

బయట కాలువ మీద పిల్లలు వంటింటి కుర్చీలు తోసుకుంటూ స్కేటింగ్ నేర్చుకుంటున్నారు. యోరిన్ కూడా అందుకే కుర్చీ తెచ్చుకుంది. కాళ్ళకి స్కేట్లు సగం కట్టుకుని, ఆ కుర్చీ మీదే కూలబడి ఉంది.

హిస్కె మామూలు బూట్లతో జారుతూ, పడబోతూ వెళ్ళింది.

"ఎగతాళికొచ్చావా?" అంది యోరిన్.

"ఇలా వచ్చి అలా పోయింది నేనే."

"ఏంటి?"

"మన ఊరివాళ్ళు పారిపోతున్నారన్నావే. ఊరివాళ్ళు కాదు. నేనొక్కదాన్నే. గ్రంథాలయంలో, బస్టాపులో... రోజూ."

యోరిన్‌కి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక లేవబోయి, కాళ్ళు జారి కుర్చీని వాటేసుకుంది. "బుద్ధుందా నీకు? నేను రెండు వారాలు నిద్రపోలేదు! నాకు చేతకాదేమో, నేను ఈ ఇంటికే పనికిరానేమో అనుకున్నాను! ఎందుకు చేశావ్?"

హిస్కె నోటికి ఎన్నో జవాబులొచ్చాయి. చివరికి బయటికొచ్చింది ఒక్కటే. "నాన్న నీకు రెండో బిస్కెట్టు ఇచ్చాడు."

యోరిన్ అడిగింది. "బిస్కెట్టుకా?"

"నాకెప్పుడూ ఇవ్వలేదు." కన్నీళ్ళు చెంపల మీదే చల్లబడుతున్నాయి. "అమ్మ ఫోటో ఎక్కడ దొరికింది నీకు?"

"అటక మీద. నీ రాత చదివి వెతికాను. చదివినప్పుడల్లా ఏడుపొచ్చేది నాకు. నీకు చూపిద్దామని ఎన్నిసార్లనుకున్నానో. కానీ నువ్వు నా ముఖమే చూడవాయె." ముక్కు తుడుచుకుంది. "ముందు పేజీ తిరిగి పెడదాం పద. తిట్టడం తర్వాత. మంచు ఆగదు."

"నాన్నకి నేను చెప్తాను."

"నువ్వే చెప్పాలి. నేను పక్కనుండి వింటాను, ఒక్క ముక్క తగ్గినా ఊరుకోను."

హిస్కె చెప్పింది, ఒక్క ముక్క తగ్గకుండా. గెర్బెన్ వింటున్నంతసేపూ చేతిలోని స్కేటునే చూశాడు. తర్వాత కోడలి ముందుకొచ్చి నిలబడ్డాడు. "అరిచాను. తప్పు నాది," అన్నాడు. కూతురి వైపు తిరిగి ఏమీ అనలేదు. తిట్టినా అంత బాధుండేది కాదు హిస్కెకి.

పేజీ వెంటనే పైకి రాలేదు. అలా వస్తే ఇంతమంది ఇన్ని తిప్పలు పడేవాళ్ళే కాదు. మంచు కరగడానికి ఒక్క రోజు ముందు వచ్చింది. ఆ ఒక్క రోజు వరస దుకాణం దాటి వంతెన దాకా సాగింది. గెర్బెన్ చేతులు వణికితే హిస్కె రాయి అందుకుంది. పూర్తయిన ప్రతి జతకీ యోరిన్ గోరు పెట్టి చూసి, తెల్లపొడి రాలితేనే చేతికిచ్చింది.

బాతులు కాలువలోకి దిగిన పొద్దున, పది గంటల కాఫీ దగ్గర గెర్బెన్ తాళాల గుత్తి బల్ల మధ్యలో పడేశాడు. "ఇద్దరూ చూసుకోండి. దెబ్బలాడుకోవాలంటే బయటికెళ్ళి దెబ్బలాడుకోండి." డబ్బా మూత తీశాడు, తిప్పాడు, మూసేశాడు. మనిషికి ఒకటే.

హిస్కె తన బిస్కెట్టు రెండు ముక్కలు చేసి, ఒకటి యోరిన్ సాసర్‌లో పెట్టింది.

"లంచమా?"

"సగం లంచం."

"నేనింకా క్షమించలేదు."

"తెలుసు."

యోరిన్ ఆ ముక్క కాఫీలో ముంచి, ల్యాప్‌టాప్ తెర చూస్తూ అంది. "నిన్న గ్రంథాలయం నుంచి ఎవరో పదును పేజీ తెరిచారు. చివరిదాకా వెళ్ళారు. ఆ ఫోటో దగ్గర చాలాసేపు ఉండిపోయారు. ఎవరో మరి."

హిస్కె కప్పులోకి చూస్తూ అడిగింది. "లెక్కలో వేశావా?"

"లేదు. తీసేశాను." యోరిన్ తెర మూసింది. "ఇంటి మనుషుల్ని లెక్కలో వేయకూడదు."

హిస్కె కాఫీ కప్పు పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకుంది. కాఫీ ఎప్పుడో అయిపోయింది. అయినా చాలాసేపు దించలేదు.