మేడమీద రెస్టారెంట్లో ఆడగొంతు

తొంభైల చివర్లో గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మేడమీద రెస్టారెంటు ఉండేది. శనివారం వస్తే అక్కడ ఆర్కెస్ట్రా. కుర్చీ దొరికేది కాదు. పాటలయ్యాక మాత్రం ఒక్క సర్వరు కూడా ఆ మేడమీద నిలిచేవాడు కాదు. స్టేజీ ఖాళీగా ఉన్నా స్పీకరు బాక్సులోంచి ఆడగొంతు పాడుతుందని ఆ చోటికి పేరు పడిపోయింది...

అది ధనశ్రీ గొంతేనని అందరి నమ్మకం. ఆ స్టేజీ మీదే పాడేది పాపం. ఒక ప్రోగ్రాం నుంచి వస్తూ ఆటోతో సహా కాలవలో పడి చచ్చిపోయింది. ఆమెతో డ్యూయెట్లు పాడే కాశీరావు ఆమె మొగుడే. అప్పట్నుంచి మనిషి సగమైపోయాడు.

ఈ సంగతి నాకు చెప్పింది ఆ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే మణికుమార్. ఇలాంటివి నేను ఓ పట్టాన నమ్మను. మణి నాకంటే మొండిఘటం.

ఆ శనివారం పాటలయ్యాక కాశీరావు కదల్లేదు. "నువ్వెళ్ళు మణీ," అన్నాడు. "ఇవాళ ధన దగ్గరికి వెళ్ళిపోతున్నా. రమ్మంటోంది."

మణి వెళ్ళకుండా పక్కనే కూర్చున్నాడు. లైట్లు ఆర్పేశారు. సర్వర్లు దిగిపోయారు. బాక్సు సన్నగా గుయ్‌మంటోంది...

అప్పుడు వచ్చింది — ఆడగొంతు. గరగరలోంచి, ఒక డ్యూయెట్ పల్లవి.

కాశీరావు కార్డ్‌లెస్ మైకు ఆన్ చేసి తర్వాతి లైను పాడాడు. మైకు ఆపాడు. ఆమె అందుకుంది! పాట అయిపోయింది. ఆ తర్వాత గుసగుసగా —

"వచ్చేయండీ... ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా."

"విన్నావుగా?" కాశీరావు లేచాడు. "కాలవ దగ్గరికి వెళ్తున్నా."

మణి విన్నాడు. ఆ గొంతు వెనకాల ధడేల్‌మని గిన్నెలు దొర్లిన చప్పుడు కూడా విన్నాడు. సరిగ్గా అదే చప్పుడు, అదే క్షణంలో, కిటికీ అవతల వెనక సందులోంచీ వచ్చింది.

"ఐదు నిమిషాలు ఆగరా... నా మీద ఒట్టు," అని మెట్లు దిగి పరుగెత్తాడు.

వెనక సందులో కల్యాణమండపం. రిసెప్షన్ అయిపోయింది. వంటవాళ్ళు గిన్నెలు కడుగుతున్నారు. ఖాళీ స్టేజీ మీద ఒకామె కార్డ్‌లెస్ మైకు గుండెలకి హత్తుకుని కూర్చుంది. అక్కడ పెళ్ళిళ్ళకి పాడే సుధామణి.

"మాట్లాడకండి," అందామె. "ఈ బాక్సులోంచి మా ఆయన పాడతారు. పోయి రెండేళ్ళయిందండీ... రమ్మని పిలుస్తున్నా, రావట్లేదు."

మణికి అప్పుడు అర్థమైంది. రెండుచోట్లా ఒకే రకం మైకులు, ఒకే ఫ్రీక్వెన్సీ. ఇక్కడి పాట అక్కడి బాక్సులో, అక్కడి పాట ఇక్కడి బాక్సులో. ఆ గరగరలో ఎవరి గొంతైనా మనం ఎవరికోసం ఏడుస్తామో వాళ్ళ గొంతులాగే ఉంటుంది.

బాక్సు గుయ్‌మంది. "వస్తున్నా ధనా..."

సుధామణి మొహం పాలిపోయింది. "ధన ఎవరండీ?"

"ఆ పాడేది మీ ఆయన కాదు, మేడమీదున్న మా కాశీరావు. ధన వాడి పెళ్ళాం, చచ్చిపోయింది! మీరు రమ్మంటే తను పిలుస్తోందనుకుని చావడానికి బయల్దేరాడమ్మా. ఆ మైకులో చెప్పండి, తొందరగా!"

ఆమె మైకు నోటి దగ్గర పెట్టుకుంది. "బాబూ... రావద్దు. నేను ధనని కాదు. బతికున్నదాన్ని."

చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు... చివరికి బాక్సులోంచి మగమనిషి వెక్కివెక్కి ఏడవడం వినిపించింది. ఉన్నాడు, వెళ్ళలేదు! అమ్మయ్య అనుకుని మణి స్టేజీ మీదే కూలబడ్డాడు.

పక్కనే సుధామణి మెల్లగా మైకు కింద పెట్టేసింది. ఒక ప్రాణం నిలబడినందుకు ఆమెకీ సంతోషమే. కానీ ఆ రాత్రి ఆమె మొగుడు రెండోసారి చచ్చిపోయాడు.