తమ్ముడు వేసిన మాసిక

చంపడానికి వచ్చిన వ్యాను తెల్లగా, శుభ్రంగా, పక్కన పూలదుకాణం బొమ్మతో ముచ్చటగా ఉంది. ఆఫీసు వెనక పార్కింగులో నడుస్తున్న ప్రోగ్రామర్ దాన్ని చూసి, పాపం, పక్కకు తప్పుకుని దారి కూడా ఇచ్చాడు. వ్యాను ఆ దారిని వదిలేసి అతని మీదికే వచ్చింది. డ్రైవర్ తాపీగా దిగి, పడిపోయిన మనిషి మొహమైనా చూడకుండా, అతని భుజాన ఉన్న ల్యాప్‌టాప్ బ్యాగు మాత్రం లాక్కుని వెళ్లిపోయాడు.

పోలీసులు దోపిడీ అని రాసుకున్నారు. చనిపోయినవాడి అక్క ఆ మాట నమ్మలేదు. డిపార్ట్‌మెంట్‌లో ఆమె కోడ్‌నేమ్ 'ఆవలింత'. నెత్తిమీద కత్తి వేలాడుతున్నా నోరంతా తెరిచి ఆవులిస్తుంది. ఎదుటివాళ్లు ఆమెను లెక్కచేయరు. అలా లెక్కచేయనివాళ్లు చాలామంది ఇప్పుడు ఎక్కడెక్కడో ఊచలు లెక్కపెడుతున్నారు. తమ్ముడు పోయిన దగ్గర్నుంచి ఆమెకు ఒక్క ఆవలింత కూడా రాలేదు.

"గొడుగు తెచ్చారా?" అని అడిగింది కళ్లజోళ్ల దుకాణంలో కౌంటర్ దగ్గర కూర్చున్నావిడ.

"లేదు. వానే తెచ్చాను."

ఫ్రేముల బీరువా పక్కకు జరిగింది. వెనక గదిలో చీఫ్ ఉన్నాడు. ఆయన్ని అందరూ 'మాస్టారు' అంటారు. తప్పుచేసిన ఏజెంట్లను ఇప్పటికీ నిలబెట్టే మాట్లాడతాడు. ఈసారి కుర్చీ చూపించాడు.

"ఈ కేసు నీకు ఇవ్వకూడదమ్మా. రూల్స్ ఒప్పుకోవు."

"మరెందుకు పిలిచారు?"

"ఇవ్వకపోయినా నువ్వు వదలవు. అప్పుడు నాకు రిపోర్టులు కూడా రావు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "'దారం' గురించి ఎంత తెలుసు?"

"ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్. మావాడు దానికి సేవ చేసేవాడు. ఇంట్లో బల్బు మార్చమంటే మాత్రం తీరిక ఉండేది కాదు."

"ఆస్పత్రుల్లో యంత్రాలు, రైల్వే సిగ్నళ్లు, డ్యాముల గేట్లు, సగం ప్రపంచాన్ని ఆ దారంతోనే కుట్టారు. దాన్ని చూసుకునేది గుప్పెడు మంది. అప్పుడప్పుడు మెయింటెనెన్స్ అప్‌డేట్ వదులుతారు. కొత్త హంగులేమీ ఉండవు, చిరిగినచోట మాసికలు వేస్తారంతే. ఈసారి మీ తమ్ముడు ఒక కన్నం కనిపెట్టాడు. మరీ పొడవైన సమాచారం పంపిస్తే దారం కొలత తప్పుతోంది. పట్టకుండా పొర్లిపోయిన ముక్క లోపలికెళ్లి, తనే యజమానిలా ఆర్డర్లు వేస్తోంది."

"ఎవరు పంపిస్తున్నారు?"

"చెదలు."

ఆ పేరు ఆమెకు కొత్తకాదు. సరిహద్దు అవతల కూర్చుని పరాయి దేశాల గోడలు తొలిచే ముఠా అది. వాళ్లు లోపలికి వచ్చినట్టు ఎవరికీ తెలిసేది కాదు. ఇల్లు కూలాకే తెలిసేది.

"మీవాడు మాసిక రాసి ముందే రిలీజ్ మేనేజర్‌కి పంపేశాడు," అన్నాడు మాస్టారు. "అయినా చంపారు. ఎందుకంటావు?"

ఆమె ఆలోచించింది. "పారాయణం."

"ఏమిటది?"

"అప్‌డేట్ వదిలేముందు అందరూ ఒక గదిలో కూర్చుని ప్రతి మార్పునూ పైకి చదువుతారు. రాసినవాడు లేచి నిలబడి వివరించాలి. వాళ్లు దాన్ని పారాయణం అంటారు. మావాడి మాసికను ఎవరైనా కెలికితే వాడు అక్కడ పట్టేస్తాడు. ఇప్పుడు వాడు లేడు."

"అంటే లోపల చెదల మనిషి ఉన్నాడు," అన్నాడు మాస్టారు. "మాసిక వేసినట్టే ఉంటుంది, కన్నం ఉన్నచోటే ఉంటుంది. కన్నం పూడిందనుకుని లోకమంతా కాపలా తీసేస్తుంది. ఇక చెదలకు పండగే. మనవైపు నుంచి అక్కడ నెమలి ఉంది. ముఠాలో మనం పెట్టిన డబుల్ ఏజెంట్. సెక్యూరిటీ కన్సల్టెంట్‌గా కూర్చుంది. నీకు సాయం చేస్తుంది."

"ఆమెకు నేనెవరో తెలుసా?"

"నీ కోడ్‌నేమ్ తెలుసు. ఎవరి అక్కవో తెలీదు."

పక్కగదిలో గ్యాడ్జెట్ల నిపుణుడు ఒక స్టీలు లంచ్‌బాక్స్ ఆమె చేతికిచ్చాడు. "జామర్ మేడమ్. మూత తీస్తే గదిలో నెట్‌వర్క్ పోతుంది. వైర్లలో వెళ్లేది కూడా ఆగిపోతుంది. మూత పెడితే మళ్లీ వస్తుంది. దయచేసి ఆకలేసి తీయకండి."

ఆ డబ్బా చేతిలోకి తీసుకోగానే ఆమెకు తమ్ముడు గుర్తొచ్చాడు. ఆఖరిరోజు పొద్దున తమ్ముడు ఇలాంటి డబ్బానే వంటింటి బల్లమీద పెట్టుకుని పాఠం చెప్పాడు.

"అక్కా, దారంలో ఓ పాత బగ్ ఉంది. ఖాళీ ఫైలిచ్చి చదవమంటే అలిగి కూర్చుంటుంది. ఎంతసేపటికీ లేవదు. నేను చేరకముందు నుంచీ ఉంది, ఎవడికీ పట్టదు."

"మరి నీకెందుకు పట్టింది?"

"ఖాళీగా ఉన్నారని అలగడం అన్యాయం కదే! చూడు, అందరూ డబ్బా తెరిచేటప్పుడే ఖాళీయో కాదో తేల్చుకోవాలని చూస్తున్నారు. అక్కడే ఇరుక్కుంటున్నారు. మూసేటప్పుడు చూడాలి."

"మూసేదాకా ఆగితే ఆకలికి చస్తాం కదరా."

"అందుకే నువ్వు ప్రోగ్రామర్‌వి కాలేదు. సగం రాశాను, ల్యాప్‌టాప్‌లో ఉంది. ఎవరికీ చెప్పకు. పారాయణంలో నేను లేచి నిలబడినప్పుడు మా మేనేజర్ మొహం చూడాలి."

అలా నవ్వుతూ వెళ్లినవాడిని సాయంత్రం గుడ్డ కప్పి చూపించారు. ఎవరు చేయించారో వాళ్లు ఏడుస్తుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని చూడాలని ఆమె కోరిక. ఆ కోరికను ఆమె ఎవరి దగ్గరా దాచలేదు.

దారం ఆఫీసు ఒక పాత ప్రెస్సు భవనం పైఅంతస్తులో ఉంది. నేలంతా కేబుళ్లు, బల్లలమీద కాఫీ కప్పుల మరకలు, ఎవరూ తుడవని వైట్‌బోర్డు. ఆవలింత ఫైర్ సిలిండర్లు తనిఖీచేసే ఇన్‌స్పెక్టర్ వేషంలో వచ్చింది. ముతక యూనిఫాం, నడుముకు దిండు, నెత్తిన టోపీ, మూతికి దుమ్ము మాస్కు. ఫైర్ సిలిండర్ల మనిషిని ఏ ఆఫీసులోనూ ఎవరూ తలెత్తి చూడరు. తమ్ముడితోపాటు ఆమె ఇంటికొచ్చి ఎన్నోసార్లు భోంచేసి వెళ్లిన రిలీజ్ మేనేజర్ కూడా, "ఆ మూలది ముందు చూడండి, తుప్పు పట్టింది," అని గడ్డం గోక్కుంటూ వెళ్లిపోయాడు.

ముందు సెంటు వాసన వచ్చింది, ఆ వెనక నెమలి వచ్చింది. నీలిరంగు కోటు, చెవులకు పచ్చరాళ్లు, పెదాలకు ఎర్రటి లిప్‌స్టిక్. నడుస్తుంటే కుర్రప్రోగ్రామర్లు కీబోర్డుమీద తప్పులు కొడుతున్నారు.

"గొడుగు తెచ్చారా?" అంది సిలిండర్ వైపు వంగి, మెల్లగా.

"లేదు. వానే తెచ్చాను."

"నీ గురించి విన్నాను. నా అనుమానం మేనేజర్ మీద. అతని మీదే కన్నెయ్యి." నెమలి నిట్టూర్చింది. "చనిపోయిన ప్రోగ్రామర్ మంచివాడట, పాపం."

"అవునట," అంది ఆవలింత.

పారాయణం మొదలైంది. పొడవాటి బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. ఒక కుర్చీ ఖాళీగా వదిలేశారు. మేనేజర్ మొదటి మార్పు చదివి, అలవాటుగా ఆ కుర్చీ వైపు తిరిగి, ఆగిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆయన బదులు నేను చెప్తాను," అంటూ నెమలి లేచింది. కొలత ఎక్కడ తప్పుతోందో, మాసిక ఎలా పట్టి ఉంచుతుందో వివరించింది. అన్నీ సరిగ్గానే ఉన్నట్టనిపించి తలలు ఊగాయి. సిలిండర్ గేజి తుడుస్తున్న ఆవలింతకు ఒక్క ముక్కా అర్థంకాలేదు. మేనేజర్ మొహంలో కూడా దుఃఖం తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఇలాగే సాగితే అప్‌డేట్ తన కళ్లముందే వెళ్లిపోతుంది.

చిన్నాచితకా బగ్గులు ఒక్కొక్కటే గడిచాయి. చివరికి మేనేజర్ కనుబొమలు పైకి లేచాయి. "ఇదేమిటి? ఖాళీ ఫైలు బగ్గా? దీన్ని ఎవరు పట్టారండీ బాబూ?"

గదంతా చప్పట్లు. నెమలి మళ్లీ లేచింది. ఈసారి ఆమె మొహంలో నటన లేదు, నిజమైన సంబరం ఉంది.

"ఇన్నాళ్లూ అందరూ తెరిచేటప్పుడే ఖాళీయో కాదో చూస్తున్నారు," అంది. "అక్కడే ఇరుక్కుంటున్నారు. మూసేటప్పుడు చూడాలి."

గేజి తుడుస్తున్న గుడ్డ ఆగిపోయింది.

ఆ మాట తమ్ముడిది. ఆ పని బ్యాగులో ఉన్న ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ఇంకా ఏం కనిపెట్టాడోనని నెమలి ఆ ల్యాప్‌టాప్ తెరిచి ఉంటుంది. సగంలో ఆగిన పని కంటపడి ఉంటుంది. అసలే మంచి ప్రోగ్రామర్, దాన్ని అలా వదిలేయడానికి చేతులు రాలేదు. మనిషిని సగంలో ఆపేసినప్పుడు రాని బాధ, ప్రోగ్రాం సగంలో ఆగితే వచ్చింది.

పారాయణం ముగిసింది. రిలీజ్‌కి రెండు కీలు కావాలి. ఒకటి మేనేజర్‌ది, రెండోది సెక్యూరిటీ కన్సల్టెంట్‌ది. మేనేజర్ తన కీ మెషీన్‌లో పెట్టాడు. నెమలి తనది పెట్టబోయింది.

"మేడమ్, చిన్న సందేహం," అంది ఆవలింత మూలనుంచి. "ఆ ఖాళీ ఫైలు బగ్‌లో మొదటి సగం ఎవరు రాశారు?"

అందరూ వింతగా చూశారు. నెమలి మాత్రం వింతగా చూడలేదు. ఆమె కళ్లు ఒక్కసారి చిన్నవయ్యాయి. మరుక్షణం కీ గుచ్చి బటన్ నొక్కేసింది. తెరమీద పచ్చగీత పాకడం మొదలుపెట్టింది.

ఆవలింత లంచ్‌బాక్స్ అందుకుంది. స్టీలు మూత బిగుసుకుపోయింది. గీత సగం దాటింది, ముప్పావు దాటింది. ఆమె డబ్బాను బల్ల అంచుకేసి బాదింది. మూత ఎగిరి అవతల పడింది. చివరికి వెంట్రుకవాసి దూరంలో గీత ఆగిపోయింది.

"కనెక్షన్ పోయింది!" అని అరిచారెవరో.

నెమలి చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని మూతి ఆవలింత గుండెవైపు తిరిగింది. ఆవలింత సిలిండర్ పిన్ను పీకి మీట నొక్కింది. తుప్పు పట్టిన మూల సిలిండరే, కానీ పరువు నిలబెట్టింది. బుస్సుమని తెల్లపొడి నెమలిని తల నుంచి కాళ్లదాకా ముంచేసింది. లిప్‌స్టిక్ పేలి వైట్‌బోర్డుకు కన్నం పడింది. పొడి కాస్త తగ్గేసరికి నెమలి నేలమీద దగ్గుతోంది, లిప్‌స్టిక్ పిస్తోలు ఆవలింత చేతిలో ఉంది.

ఆవలింత తన మాస్కు లాగేసింది. మేనేజర్ నోరు తెరిచాడు. "అక్కా! నువ్వా?"

"వాడు నీకు పంపిన అసలు మాసిక ఉందా?"

"నా మెషీన్లోనే ఉంది."

"దీనితో పక్కపక్కన పెట్టి చూడు."

మేనేజర్ రెండూ తెరిచి ముక్కు తెరకు ఆనించాడు. "ఒకేచోట తేడా అక్కా. కొలిచేచోట ఒక్క అక్షరం ఎక్కువ పట్టేలా మార్చింది. ఒకే ఒక్కటి. వాళ్లకి ఆ సందు చాలు. వాడుంటే చూడగానే పట్టేసేవాడు."

ఆవలింత పిస్తోలు నెమలి నుదుటికి ఆనించింది. వేలు మీటమీద పెట్టింది. నొక్కాలని ఉంది, ఎంతగానో ఉంది. కానీ నొక్కితే పోయేది ఈమె ఒక్కతే. చెదల పుట్ట మొత్తం మిగిలిపోతుంది. అంత చిన్న పగ ఆమెకు సరిపోలేదు.

పిస్తోలు దించి, నెమలిని కాలరు పట్టి లేపి, ఆ ఖాళీ కుర్చీలోనే కూలేసింది. తను ఎదురుగా ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. "అసలు మాసిక పెట్టు తమ్ముడూ," అంది మేనేజర్‌తో. "కీలు రెండూ మెషీన్లోనే ఉన్నాయిగా. అన్నట్టు, అప్‌డేట్‌తోపాటు ఎవరు ఏ బగ్ పట్టారో పేర్లు వేస్తారు కదా?"

"వేస్తాం అక్కా. వాడి పేరు మొట్టమొదట వేస్తాను."

"ఖాళీ ఫైలు బగ్ కింద మావాడి పేరు వెయ్యి. అది వాడిది, వాడికి ఇష్టమైంది. పెద్ద కన్నం కింద మాత్రం ఈవిడ పేరు వెయ్యి. 'ఈ కన్నం చూపించి, దగ్గరుండి పూడ్పించినందుకు ప్రత్యేక కృతజ్ఞతలు' అని రాయి. ముఠాలో ఈవిడ వాడుకునే పేరు మా ఫైల్లో ఉంది, చెప్తాను, అది కూడా పక్కనే పెట్టు."

తెల్లపొడి కింద నెమలి మొహం ఇంకా పాలిపోయింది. "వద్దు! వాళ్లు చూస్తే నేనే అమ్మేశాననుకుంటారు. నన్ను బతకనివ్వరు!"

"మావాణ్ణి బతకనిచ్చారా?"

"మీవాడా...?"

"తమ్ముడు. తోడబుట్టినవాడు."

నెమలికి అప్పుడు అర్థమైంది. కాళ్లమీద పడింది. "పేరు వెయ్యకండి. ఏం కావాలన్నా చెప్తాను. వ్యాను నడిపినవాడు, వాడికి ఆర్డరిచ్చినవాడు, వాళ్ల ఇళ్లు, అన్నీ చెప్తాను."

"చెప్తావు. పేరు వేశాక ఇంకా బాగా చెప్తావు. ఇకమీదట నీకు క్షేమమైన చోటు మా జైలొక్కటే. అందులో ఉండనివ్వమని రోజూ మమ్మల్ని బతిమాలుకోవాలి."

ఆమె మూత తీసుకొచ్చి డబ్బాకు పెట్టింది. నెట్‌వర్క్ వచ్చింది. మేనేజర్ బటన్ నొక్కాడు. పచ్చగీత ఈసారి చివరిదాకా పాకింది. కాసేపటికి నెమలి చేతి గడియారం ఎర్రగా మినుకుమనడం మొదలుపెట్టింది. ఎక్కడెక్కడి ఆస్పత్రుల్లోనో, స్టేషన్లలోనో, డ్యాముల్లోనో చెదల తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. మూసుకున్న ప్రతి తలుపుకూ గడియారం ఒకసారి మినుకుమంది. నెమలి వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆవలింత కుర్చీలో వెనక్కి వాలి, తీరిగ్గా, కడుపునిండా చూసింది.

ఫోన్ మోగింది. "గొడుగు తెచ్చావా?" అన్నాడు మాస్టారు. తను నమ్మి పెట్టిన నెమలి సంగతి అప్పటికే తెలిసినట్టుంది, గొంతు లేవడంలేదు.

"వాన వెలిసింది సార్," అంది ఆమె. ఆ మాట పూర్తికాకముందే ఇన్నాళ్లూ రాని ఆవలింత దవడలు పగిలేలా వచ్చింది. దాంతోపాటే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

తుడుచుకుని లేచి, టోపీ సర్దుకుని, ఖాళీ అయిన సిలిండర్‌ను తిరిగి మూలకు మోసుకెళ్లింది. ఎంతైనా ఒప్పుకొచ్చిన పని. జేబులోంచి పెన్ను తీసి, దాని మెడలో వేలాడుతున్న తనిఖీ చీటీమీద రాసి సంతకం పెట్టింది: "పరీక్షించాను. బాగా పనిచేస్తోంది."