ముప్పై రెండు అర్థమైందండీలు

షాయిస్తా టీచరుగా మా స్కూలుకు వచ్చిన మూడో రోజే నా పరువు తీసింది. అదీ స్టాఫ్ రూంలో, హెడ్‌మాస్టర్ అచ్యుతరావు గారి ఎదుట, గొంతు కూడా పెంచకుండా.

"తాహిర్ గారూ, ఏమీ అనుకోకండి. ఎనిమిదో తరగతి పిల్లలకి శాతాలు రాలేదండీ."

నేను లెక్కల మాస్టారిని. భీమడోలు స్టేషన్లో దిగి కొల్లేరు వైపు ఆటోలో వెళ్తే చేపల చెరువుల మధ్య కనిపించే హైస్కూలు మాది. నాలుగేళ్లుగా అక్కడ ప్రతి పాఠం చివరా "అర్థమైందా?" అని అడుగుతున్నాను. ముప్పై రెండు గొంతులు ఒక్కటై "అర్థమైందండీ" అంటున్నాయి. ఆ మాట చెవిన పడందే నాకు మధ్యాహ్నం అన్నం సహించేది కాదు. పిల్లలకి పాఠం ఎంతవరకు వచ్చిందో చూసి ఏటా నాలుగుసార్లు నింపాల్సిన ఫార్మేటివ్ అసెస్‌మెంట్ మార్కుల్ని కూడా ఆ అర్థమైందండీల ధైర్యంతోనే నింపేసేవాణ్ణి.

శాతాలు నిన్ననే చెప్పానని, అందరూ అర్థమైందన్నారని కాస్త పొగరుగానే అన్నాను.

"మీరు అడిగారు కాబట్టి అన్నారండీ. మన వైపు పిల్లలు పెద్దవాళ్ల మాటకి కాదంటారా?" అంది.

ఆమె చెప్పేది ఫిజిక్స్. ఏదో లెక్కలో శాతం తగిలేసరికి పిల్లలంతా తెల్లమొహం వేశారట. కావాలంటే పరీక్ష పెట్టుకోమన్నాను. పరీక్ష కాదు, మార్కులుండవు, పేర్లు కూడా రాయక్కర్లేదు అంటూ ఆ మధ్యాహ్నమే, బయట వాన కురుస్తుంటే, నా క్లాసులోనే చిన్న చిన్న చీటీలు పంచింది. బోర్డు మీద ఒకే ఒక్క లెక్క. చెరువులో నీళ్లు వంద సెంటీమీటర్ల లోతున్నాయి. వానకి పది శాతం పెరిగాయి. తర్వాత ఎండకి, ఉన్న నీళ్లలో పది శాతం తగ్గాయి. ఇప్పుడు లోతెంత? దాని కింద ఇంకో ప్రశ్న, నిన్న అర్థమైందని ఎందుకన్నారు అని.

ఇరవై ఏడు మంది వంద అని రాశారు. తొంభై తొమ్మిది అని రాసింది ఐదుగురే. పది శాతం అన్నప్పుడల్లా దేనిలో పది శాతమో చూసుకోవాలని నేను ఒక్కసారి కూడా చెప్పలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. అంతకంటే నన్ను నిలువునా కుంగదీసింది రెండో ప్రశ్న. పేరు లేకపోయినా ఆ గుండ్రటి రాత శ్రీదుర్గదని నాకు తెలుసు. "సార్ చెమటలు కారుతున్నా ఆపకుండా చెప్పారండీ. అర్థం కాలేదంటే బాధపడతారని అన్నానండీ" అని రాసింది.

పిల్లలు నాకు భయపడ్డారనుకున్నా ఓర్చుకునేవాణ్ణి. జాలిపడ్డారు.

షాయిస్తా గెలిచినట్టు నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు. చీటీలన్నీ పోగుచేసి నా చేతిలో పెట్టి, ఇవి మీకొచ్చిన మార్కులు కావండీ, రేపు పాఠం ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పే కాగితాలు అని మెల్లగా చెప్పి వెళ్లిపోయింది. కోపం తెచ్చుకుందామని రెండ్రోజులు గట్టిగానే ప్రయత్నించాను. రాలేదు.

ఇద్దరిదీ ఏలూరే. మూడో రోజు సాయంత్రం ప్యాసింజర్లో వెళ్లి ఆమె ఎదురు సీట్లో కూర్చుని, ఎక్కడినుంచి మొదలుపెట్టమంటారని అడిగాను. అప్పట్నుంచి రోజూ ఆ రైల్లోనే మా పని. ఒళ్లో లంచ్ బ్యాగు బల్లగా పెట్టుకుని ఆ రోజు పిల్లలు రాసిన చీటీలు మూడు దొంతులుగా సర్దేది. వచ్చినవి, సగం వచ్చినవి, రానివి. కిటికీలోంచి గాలి కొడితే ఆమె చున్నీ, నా చీటీలు ఒకేసారి ఎగిరేవి. నేను దేన్ని ముందు పట్టుకోవాలో తెలియక వెర్రిమొహం వేసేవాణ్ణి. ఒకసారి ఒక చీటీ వెళ్లి చేపలమ్మే అచ్చాయమ్మ గంప మీద వాలింది. ఆమె దాన్ని కూడబలుక్కుని చదివి, ఈ మాత్రం లెక్క నాకే వచ్చు, మీ పిల్లలకెందుకు రాదండీ అని మమ్మల్ని నిలదీసింది. షాయిస్తా భీమడోలు నుంచి ఏలూరు దాకా నవ్వుతూనే ఉంది.

నేను అర్థమైందా అని అడగడం మానేశాను. ఎక్కడ ఆగిపోయారో చెప్పమనేవాణ్ణి. మొదట్లో తలలు వంచుకున్న పిల్లలే, నెల తిరిగేసరికి, రెండో లైను దగ్గర పోయిందండీ అని చేతులెత్తడం మొదలుపెట్టారు.

ఒక బుధవారం ఆమె సెలవు పెట్టింది. ఆ సాయంత్రం చీటీలు నేనొక్కణ్ణే సర్దుకున్నాను. ఇంటికెళ్లి చూస్తే మూడు దొంతులూ కలిసిపోయి ఉన్నాయి. షాయిస్తా లేకుండా నాకు ఒక్క సాయంత్రం కూడా గడవదని ఆ రోజే తెలిసింది.

అమ్మీతో చెప్పాను. మా అమ్మీ సుగ్రా ఇలాంటి పనుల్లో ఆలస్యం చేసే మనిషి కాదు. ఆదివారమే షాయిస్తా వాళ్లింటికి వెళ్లి, టైలరింగ్ షాపు నడిపే వాళ్ల నాన్న షఫీ గారితో మాట్లాడి, మిఠాయి పొట్లంతో తిరిగొచ్చింది. అమ్మాయి సరేనందట. వచ్చే శుక్రవారం మాట ఖాయం చేసుకోవడమట. ఆనందంతో ఒక మిఠాయి నోట్లో వేసుకుని, ఏమని అడిగారు, ఏమంది అని ఊరికే అడిగాను.

"వాళ్లబ్బా నా ముందే పిలిచి, ఇష్టమేనా అమ్మా అన్నారు. మీరెలా అంటే అలాగే అబ్బా అంది. ఎంత మర్యాద తెలిసిన పిల్లో."

పొట్లం మూసేసి పక్కన పెట్టాను. ఆ జవాబు నాకు కొత్తది కాదు.

మర్నాటి నుంచి షాయిస్తా లేడీస్ పెట్టెలో ఎక్కడం మొదలుపెట్టింది. స్కూల్లో నమస్తేతో సరి. నాకు నిద్ర పట్టలేదు. అడిగితే కాదంటుందేమో, ఆమె నాకు దక్కదు. అడక్కపోతే, వాళ్లబ్బా మాట కాదనలేకో, నా మీద జాలితోనో సరేనన్న మనిషితో జీవితమంతా ఉండాలి. ఒకసారి అడిగి చూస్తానంటే అమ్మీ తిట్టింది, కుదిరిన సంబంధాన్ని కెలుక్కుంటావా అని.

గురువారం ప్యాసింజర్ నలభై నిమిషాలు లేటు. భీమడోలు ప్లాట్‌ఫాం మీద రేకుల నుంచి వాన ధారలుగా కారుతోంది. ఆమె దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"షాయిస్తా గారూ, ఈ సంబంధం మీకు ఇష్టమేనా?"

"ఇష్టమేనండీ," అంది, చెప్పుల వంక చూస్తూ.

నా మీద నాకే ఒళ్లు మండింది. నాలుగు నెలలు నేర్చుకుని చివరికి అడగాల్సిన చోట 'అర్థమైందా?' లాంటి ప్రశ్నే అడిగాను.

"ఇంకోలా అడుగుతానండీ. నన్ను చేసుకోవాలంటే మీకు భయం వేసేదేంటి?"

ఆమె తలెత్తింది. అంతలో గూడ్సు బండి వచ్చి, చెవులు చిల్లులు పడేలా చప్పుడు చేసుకుంటూ చాలాసేపు పోతూనే ఉంది. అది పూర్తిగా వెళ్లేదాకా నా మొహం వంకే చూసింది.

"నాకు వంట రాదండీ. కోపమొస్తే రెండ్రోజులు మాట్లాడను. తప్పు కనిపిస్తే నోరు ఊరుకోదు. స్కూల్లో మీరు భరించారు. ఇంట్లో రోజూ భరించాలంటే విసుగు పుడుతుందేమోనని," అని ఆగింది. "మీరు విసుక్కుంటే నేను తట్టుకోలేనండీ. అంత ఇష్టం."

నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే ఆమెకు వినిపిస్తుందేమోనని సిగ్గేసింది. మరి మీ అబ్బాతో అలా అన్నారేంటని అడిగాను. ఇష్టమని అబ్బా మొహం చూసి ఎలా చెబుతానండీ అంది. లేడీస్ పెట్టెలో ఎక్కడం వాళ్లమ్మ ఆర్డరట, పెళ్లి కుదిరాక నలుగురూ చూస్తే బాగోదని.

"మరి మీ భయమేంటి?" అని అడిగింది.

చెప్పాను. నా మీద జాలితో ఒప్పుకున్నారేమోనని.

"జాలిపడేదాన్నైతే మీకు తప్పు చెప్పేదాన్ని కాదండీ," అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, పెదాల మీద మాత్రం నవ్వే ఉంది. నేను అప్పుడప్పుడూ విసుక్కుంటానని ముందే ఒప్పుకున్నాను. విసుగొచ్చిన రోజే చెప్పమంది, ఏడాది చివరిదాకా దాచుకోకుండా.

ఇంటికొచ్చి అమ్మీకి అన్నీ ఏకరువు పెట్టాను. అమ్మాయికి వంట రాదట, కోపమొస్తే మాట్లాడదట, తప్పు కనిపిస్తే ఊరుకోదట.

"ఇంత సంబరంగా చెబుతున్నావేంట్రా?" అంది.

ఏం భయమో అడిగితే చెప్పిందన్నాను. చపాతీ పిండి కలుపుతున్న అమ్మీ చేతులు ఆగాయి.

"మా రోజుల్లో నన్నెవరూ అలా అడగలేదురా," అంది.

మా అబ్బా జిలానీ తివాచీలు నేస్తారు. రోజుకి పది మాటలు కూడా మాట్లాడరు. అప్పుడే పని నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నవారు అలాగే నిలబడిపోయారు.

"ఇప్పుడు అడుగుతున్నాను సుగ్రా. అప్పుడు దేనికి భయపడ్డావు?"

అమ్మీ పిండి వంకే చూస్తూ, "ఇంత తక్కువ మాట్లాడే మనిషితో ఎలా వేగుతానా అని," అంది.

అబ్బా వచ్చి ఆమె పక్కన పీట వాల్చుకుని కూర్చున్నారు. "చెప్పు, వింటాను," అన్నారు.

ముప్పై ఏళ్ల సంగతులు, చాలాసేపే పట్టేలా ఉంది. నేను తలుపు దగ్గరగా వేసి వాకిట్లోకి వచ్చేశాను.